ఆకులున్నప్పటి ఫొటో

కరెంటు కంపెనీ ఆఫీసులో అందరూ అతన్ని రబ్బరు అనే పిలిచేవారు. పని అలాంటిది మరి. కరెంటు టవర్లున్న కొండల్ని ఫొటో తీసి, అందులోంచి టవర్లను చెరిపేసి, రేపు ఇలా ఉంటుందని జనానికి చూపించాలి. కొత్తగా ఏదైనా కట్టబోతుంటే దాన్ని ఫొటోలో అతికించడం కూడా అతని పనే. అతికించినందుకు ఎవరూ మెచ్చుకోరు కాబట్టి, పేరు మాత్రం చెరపడం వల్లే వచ్చింది.

ఆ కొండల మధ్య ఉన్న ఒక లోయని రక్షిత ప్రాంతంగా ప్రకటించి చాలా ఏళ్ళయింది. దాని నడుమ ఇరవై రెండు టవర్లు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేనట్టు దర్జాగా నిలబడి ఉండేవి. వాటిని పీకేసి తీగల్ని భూమిలో పాతేద్దామని చివరికి కంపెనీ ఒప్పుకుంది. మంచి పనే, కాదనేవాళ్ళెవరూ లేరు. కానీ భూమిలోకి దిగిన తీగ ఎక్కడో ఒకచోట పైకి రావాలి కదా. వచ్చినచోట ఇనప కంచె, ఇంటెత్తు పింగాణీ స్తంభాలు, ఒక పెద్ద టవరు, అన్నీ కలిపి ఒక యార్డు కట్టాలి. అది లోయ హద్దు దాటాకే ఉండాలి. హద్దు దాటగానే ఉన్నది అతని అక్క ఇల్లు.

బావ మంచాన పడి అప్పటికి మూడేళ్ళు. పాతికేళ్ళు బస్సు నడిపిన మనిషికి పక్షవాతం వచ్చి కుడివైపంతా చచ్చుబడింది, మెడ కూడా సరిగ్గా తిరగదు. అక్క ఆయన మంచాన్ని ముందుగదిలో కిటికీకి ఎదురుగా వేయించింది. కిటికీలోంచి చెట్ల వరస, దాని వెనక పచ్చిక వాలు, ఆపైన కొండ కనిపిస్తాయి. "ఇప్పుడిదే నా బండి అద్దం" అనేవాడు బావ ముద్దముద్దగా. ఈ లోకంలో ఆయనకి మిగిలింది ఆ కిటికీ ఒక్కటే. ఆ సంగతి అక్కకి తెలుసు, రబ్బరుకీ తెలుసు.

ఇలాంటి ఫొటోలు చెట్లు మోడుగా ఉన్నప్పుడే తీయాలన్నది వాళ్ళ పనిలో మొదటి నియమం. ఆకులుంటే ఏనుగునైనా దాచేయొచ్చు. ఆ ఏడు పైఅధికారి తొందరపెట్టేసరికి, అక్క ఇంటి కిటికీలోంచి తీయాల్సిన ఫొటోని రబ్బరు చెట్లు గుబురుగా ఉన్న నెలలో తీసేశాడు. ఆకు రాలాక మళ్ళీ తీద్దాంలే అనుకున్నాడు. ఆకు రాలేలోపే, యార్డుకి అభ్యంతరం లేదనే కాగితాలు సంతకాలకి వచ్చేశాయి. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళలో సంతకం పెట్టనిది అక్క ఒక్కతే. తమ్ముడు చెబితే వింటుందిలే అని ఆఫీసువాళ్ళు అతన్నే పంపారు.

అక్క ఫొటోని చాలాసేపు చేతిలో పట్టుకుని చూసింది. అందులో కంచె లేదు, స్తంభాలు లేవు. అన్నీ చెట్ల వెనకే.

"ఆకులు రాలిపోయాకేంట్రా? అప్పుడు కూడా కనబడదా?" అంది.

నిజం చెబితే ఆమె సంతకం పెట్టదు. పని ఏడాది వెనక్కి పోతుంది, లోయలో టవర్లు అలాగే ఉంటాయి, తప్పు అతని నెత్తిన పడుతుంది. ఇన్ని కారణాలు క్షణంలో తట్టాయి గానీ, వాటిలో చివరిదే అసలు కారణం.

"మేం ఎప్పుడూ మోడు చెట్లతోనే లెక్క చూస్తాం అక్కా" అన్నాడు.

నియమం వరకు అది నిజమే. అక్క పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టింది. భోజనం చేసి వెళ్ళమంటే, పనుందని చెప్పి అతను బయటపడ్డాడు.

టవర్లు పోయాయి. లోయ నిజంగానే కడిగినట్టయింది. పేపర్లో ముందూ వెనకా ఫొటోలు పక్కపక్కన వేశారు. పైఅధికారులు చంకలు గుద్దుకున్నారు. రబ్బరుకి ప్రశంసాపత్రం ఇస్తే, దాన్ని సొరుగులో పడేశాడు.

తర్వాత ఆకులు రాలాయి. అక్క ఫోన్లో యార్డు మాటే ఎత్తేది కాదు. తిట్టినా బాగుండేది, ఆ ఎత్తకపోవడమే అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. నెలరోజులు ఏదో ఒక సాకు చెప్పుకుని, ఒక ఆదివారం పొద్దున బయల్దేరాడు.

దారి మలుపులోంచే కనబడింది. మోడు చెట్ల సందుల్లో బూడిదరంగు కంచె, స్తంభాలు, టవరు. ఒక్కటీ దాగలేదు.

ముందుగదిలో మంచం పక్కకి తిరిగి ఉంది. బావ మొహానికి ఎదురుగా పెచ్చులూడిన గోడ.

"ఎలా ఉంది బావా?"

"గోడేగా. బాగానే ఉంది" అన్నాడు బావ, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ.

"పొద్దస్తమానం ఆ కంచెనే చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు" అంది అక్క. "ఇటు తిప్పేయమని ఆయనే సైగ చేశారు."

"ఎప్పుడూ పచ్చగా ఉండే మొక్కలు నాటిస్తానక్కా. ఎనిమిదేళ్ళలో..."

అక్క మంచంవైపు చూసింది. అతను ఆ మాట పూర్తిచేయలేకపోయాడు.

"అక్కా, ఆ ఫొటో ఆకులున్నప్పుడు తీసింది. తెలిసే నీకు అలా చెప్పాను."

"ఫొటోలో ఆకులు నాకు మాత్రం కనబళ్ళేదా? అందుకేగా అడిగాను" అంది అక్క. ఆమె గొంతులో కోపం లేదు. "నేను సంతకం పెట్టింది ఫొటో చూసి కాదురా, నీ మొహం చూసి."

అక్క వంగి మంచం తలవైపు పట్టుకుంది.

"ఆ కాళ్ళవైపు పట్టు. చివర్న ఒక స్తంభం ఇంకా కంటికి తగుల్తోందంటున్నారు. నా ఒక్కదానివల్లా కావట్లేదు."

అతను వంగి ఎత్తాడు. బావ చాలా తేలికైపోయాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి ఆయన్ని పూర్తిగా గోడవైపు తిప్పేశారు.