వెనక వైపు టేపు

నీళ్ళ సీసాలు నింపుతుంటే మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో సీసా మూత బిగించడానికి కూడా అటు రాని మనిషి. "ఆ రోజు టేపు ఎలా పట్టుకున్నావో ఇవాళా అలాగే పట్టుకో. అంతకంటే నేనేం చెప్పను," అన్నారు. గొంతు వెన్నలా ఉంది. అరిచి ఉంటే ఇంత భయపడేదాన్ని కాను.

ఆయన కాలేజీలో లెక్కలు చెబుతారు. సెలవొస్తే ప్రభుత్వ అడవుల్లో పడి పెద్ద చెట్లు వెతికి, కొలిచి, అటవీ ఆఫీసు రిజిస్టర్లో ఎక్కిస్తారు. అందరూ చెట్ల మాస్టారంటారు. కొలవడమంటే ఇదీ: మానుకి ఎగువ వైపు, నేలనుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున సుద్దగీత గీసి, దానిమీద టేపు సున్న పెట్టి ఆయన నిలబడతారు. రెండో కొస పట్టుకుని ముళ్ళపొదల్లోంచి, జారుడు మట్టిలోంచి చుట్టూ తిరిగొచ్చేది నేను. కొస ఆయనకిచ్చి మళ్ళీ వెనక్కి పోయి, టేపు జారకుండా పట్టుకుంటాను. ఆయన అంకె చదువుతారు. 'కొలిచినవారు' అన్న గడిలో ఆయన పేరుంటుంది. "వాడి పేరు పడితే నీ పేరు పడ్డట్టు కాదా?" అంటారు మా అత్తగారు. ఎలా అవుతుందండీ? పదిహేనేళ్ళుగా ఆ జవాబు నా నోట్లోనే ఉంది.

పోయిన నెల దొరికిన చెట్టయితే అసలు ఆయన చూసిందే కాదు. అడవిలో మగవాళ్ళకేం, ఎక్కడ నిలబడితే అక్కడే. నేను చాటు వెతుక్కుంటూ చాలా దూరం పోవాలి. అలా పోయి, లేచి లంగా సర్దుకుంటూ తలెత్తితే ఎదురుగా ఆ మాను. గోడ అనుకున్నాను ముందు. పిలిస్తే ఆయన పరుగెత్తుకొచ్చారు. చుట్టుకొలత పదమూడు మీటర్ల నలభై. అంతకుముందున్న రికార్డు పన్నెండు తొంభై అయిదు. పేపర్లో ఆయన ఫోటో పడింది. చెట్టు ముందు ఆయన పేరుతో బోర్డు పెడతామన్నారు. నేనెందుకు అంత దూరం వెళ్ళానో పేపరువాళ్ళు అడగలేదు, మేలు.

నేను ఇంట్లో కుట్టుపని చేస్తాను. తర్వాతి వారం ఒకావిడకి నడుము కొలుస్తుంటే టేపు పిరుదుల మీదకి జారి అంగుళాలకి అంగుళాలు పెరిగింది. ఆవిడ నవ్వింది. నాకు అడవిలో పట్టుకున్న టేపు గుర్తొచ్చింది. ఆ చెట్టు వాలులో ఉంది, వెనక వైపు నేల పల్లం. ముందు గీత ఆయన గుండెల ఎత్తున ఉంటే, దానికి సమంగా వెనక టేపు నా చేతులు చాచినా అందీ అందనంత పైన ఉండాలి. నేను పొట్టిదాన్ని. చేతులు నొప్పెట్టి టేపుని భుజాల దాకా దించేశాను, చెట్టు వేళ్ళు విచ్చుకుని మాను లావెక్కే చోటికి. రికార్డు ఆ చెట్టుది కాదు, నా పొట్టితనానిది.

చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను? "నీ లైనింగులేవో నువ్వు చూసుకో," అన్నారు. తర్వాత పాత రికార్డు చెట్టుని కొలిచినవాళ్ళు అభ్యంతరం రాశారు. మళ్ళీ కొలవడానికి రేంజరే వస్తున్నాడని ఉత్తరం వచ్చింది. అప్పటినుంచే ఈ మెత్తదనం. కారులో దారి పొడుగునా నాకు ఇదే లెక్క. సరిగ్గా పట్టుకుంటే నలుగురిలో ఆయన తల వంగుతుంది. ఇంటికొచ్చాక తిట్టరు, అదే భయం. నెలల తరబడి మాట్లాడరు. కంచం తోసేసి లేస్తారు. ఫోన్ చేసిన అమ్మాయితో "మీ అమ్మనే అడుగు" అంటారు. దించి పట్టుకుంటే? వెనక పొదల్లో నన్నెవరు చూస్తారు? ఎవరూ చూడరు గనకే నాకు ఊపిరాడలేదు. తప్పు నాచేత చేయిస్తున్నారు, అది కూడా నన్ను అడగకుండా.

రేంజరు నెమ్మదస్తుడు. వెంట ఒక గుమాస్తా. "చుట్టూ మా మనిషిని పంపమంటారా?" అని అడిగితే మా ఆయన నవ్వి, "మా ఆవిడకి అలవాటేనండీ," అన్నారు. టేపు తిప్పి తెచ్చి ఇచ్చాను. వెనక్కి వెళ్ళేముందు పక్కకి జరిగి, సుద్దగీతకి సమంగా వెనక ఎక్కడుందో చూసుకున్నాను. బెరడు మీద ఒక బుడిపె, నా తలపైన.

వెనక మట్టి వాసన, చీకటి పొద. ముల్లు జబ్బ గీరింది. చేతులు వాటంతటవే భుజాల దాకా దిగాయి, అలవాటు. "పట్టుకున్నావా?" అని అవతలనుంచి ఆయన. "ఉండండి," అన్నాను. నాకు తెలిసి ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. పక్కనున్న రాయి దొర్లించుకుని, ఎక్కి, టేపు బుడిపె మీదకి తోసి రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. "ఊఁ, చదవండి."

చదివింది ఆయన కాదు. రేంజరు గొంతు వినిపించింది. "పన్నెండు అరవై." పాత రికార్డు కంటే తక్కువే.

"ఆవిడకి టేపు పట్టుకోవడం రాదండీ," అన్నారు మా ఆయన, అదే నవ్వుతో. "పదిహేనేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. వెనక ఏం చేస్తోందో ఏమో."

భయం పోలేదు. భయంతోనే రాయి దిగాను, భయంతోనే పొదలోంచి ఇవతలికి వచ్చాను. రేంజరు జబ్బ మీద నెత్తురు చూసి, "మళ్ళీ కొలుద్దామా అమ్మా?" అన్నాడు.

"కొలుద్దామండీ," అన్నాను. మా ఆయన దగ్గరికెళ్ళి ఆయన వేళ్ళ కిందనుంచి సున్న కొస తీసుకున్నాను. "మీరు పొడుగు, మీకు రాయి కూడా అక్కర్లేదు. రేంజరు గారు మీతో వచ్చి చూస్తారు. వెనక్కి మీరు వెళ్ళండి, అంకె నేను చదువుతాను."