వదులు మర

ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవారు. ఇంజన్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి, దాని పిడి చెవికి పెట్టుకుని కారు రోగం ఇట్టే చెప్పేసేవాడు. కారు దగ్గినా తుమ్మినా జనం ఆయన షెడ్డుకే వచ్చి, రిపేరయ్యేదాకా బల్ల మీద కూర్చుని కబుర్లాడేవారు. ఇప్పుడు ఆ కార్లలోంచి పెట్రోలు ఇంజన్లు పీకేసి బ్యాటరీలు, మోటార్లు బిగించేదీ ఆయనే. వాటికి చప్పుడూ ఉండదు, రిపేరూ రాదు. బిగించుకుని వెళ్లినవాళ్లు మళ్లీ వస్తే ఒట్టు! ఇంటికెళితే భార్య లేదు, షెడ్డుకొస్తే బల్ల మీద మనిషి లేడు. తన గొయ్యి తనే తవ్వుకున్నట్టయింది.

అందుకే లెక్కల టీచరమ్మ కారును బ్యాటరీకి మార్చినప్పుడు, డాష్‌బోర్డు కింద ఒక మరను కావాలనే వదులుగా ఉంచాడు. గలగలమంటే వస్తుంది కదా!

నాలుగో రోజు వచ్చిందావిడ. మేస్త్రి స్క్రూడ్రైవర్ అందుకుని గబగబా లేచాడు.

"ఏదో మోగుతోందా అమ్మా? ఒక్క నిమిషం, బిగించేస్తా."

"వద్దు మేస్త్రీ! బిగించొద్దని చెప్పడానికే వచ్చా. ఇంట్లో పలకరించే దిక్కులేదు. కనీసం కార్లోనైనా ఏదో ఒకటి వాగుతోంది."

మేస్త్రి స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేసి, ఆవిడ పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

"ఓ చుట్టు పోనివ్వండమ్మా," అన్నాడు. "నేనూ వింటా."