పక్కసీటులో చేయి

పొద్దున వంటింటి పని ముగిశాక ఆమెకు ఈమధ్య మరో చాకిరీ తగులుకుంది. మెత్తని గుడ్డ పట్టుకెళ్ళి కొత్త కారులో టచ్‌స్క్రీన్ తెర తుడవాలి. దాని మీద వేలిముద్రలు కనిపిస్తే భర్తకు తిక్క రేగుతుంది. చిత్రమేమిటంటే, ఆ ముద్రలన్నీ ఆమెవే. కారు నడిపేది మాత్రం ఆమె కాదు.

పాత కారు ఆమె చేతిలో నలిగిన బండి. పిల్లల్ని బడిలో దింపినా, అత్తగారిని ఆసుపత్రికి తిప్పినా, తను ఆఫీసుకు పోయినా అందులోనే. ఏసీ నాబ్, రేడియో నాబ్, అద్దం మీద ఆవిరి పోగొట్టే బటన్, ఏది కావాలన్నా కళ్ళు రోడ్డు మీదే ఉండేవి, వేళ్ళు వెళ్ళి పని చూసుకుని వచ్చేవి. కరెంటు పోయిన వంటింట్లో ఉప్పు డబ్బా అందుకున్నట్టు. దాన్ని అమ్మేసిన రోజు రేడియో నాబ్‌ను ఊరికే ఒకసారి తిప్పి, మళ్ళీ మొదటికి తెచ్చి దిగింది. "ఏంటి, బండికి అప్పగింతలా?" అని నవ్వాడాయన. ఆమె కూడా నవ్వింది.

కొత్తదాంట్లో నాబ్ అన్నది లేదు. చలి, వేడి, పాట, దారి, అన్నీ ఆ గాజుపలక లోపలే. "ఇది నీకు కొరుకుడు పడదులే, ఎక్కడో గుద్దేస్తావ్. నువ్వు బస్సులో వెళ్ళు" అన్నాడు. తీరా నడిపేటప్పుడు తెర వంక చూస్తే ప్రమాదమని తెలుసుకుని, ఎక్కడికి బయల్దేరినా ఆమెను పక్కన కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టాడు. "చలేస్తోంది, తగ్గించు." "ఆ పాట తీసెయ్." "అది కాదే, దాని వెనకాలది!" వెనకసీటులోంచి అత్తగారు అందుకునేది: "వాడు నోరు తెరిచేదాకా ఆగాలా? మీ మామగారితో నేనేనాడైనా చెప్పించుకున్నానా?"

చూడక్కర్లేకుండా, మాట విసిరితే చాలు పనిచేసే నాబ్ ఈ కారులో ఇంకా ఒకటి మిగిలే ఉందని ఆమెకు మెల్లగా అర్థమైంది. అది పక్కసీటులో బెల్టు పెట్టుకుని కూర్చుంది.

ఆ ఆదివారం అత్తగారి చెల్లెలింటికి వెళుతుంటే జోరున వాన పట్టుకుంది. ముందద్దం నిండా ఆవిరి కమ్మింది.

"నొక్కు, తొందరగా! ఏమీ కనబడట్లేదు."

అలవాటుగా చేయి లేచింది. తెర దాకా పోలేదు.

"బండి పక్కకి ఆపండి" అంది.

ఆ గొంతు ఆయనెప్పుడూ వినలేదు. ఏ కొంప మునిగిందోనని ఆపాడు. "ఏమైంది? ఒంట్లో బాలేదా?"

"ఏం ముంచుకొచ్చిందే తల్లీ, ఈ వానలో!" అంది అత్తగారు.

ఆమె బెల్టు తీసి దిగింది. తడుస్తూనే బండి ముందు నుంచి చుట్టి వచ్చి ఆయన వైపు తలుపు తెరిచింది. తలుపు పట్టుకునే నిలబడింది.

"మీరు అటు వెళ్ళి కూర్చోండి. నేను నడుపుతాను. మీరు నొక్కండి."