తీగ చివరి మూత

నేను ఒక మూతను. అలాగని ఏ సీసాకో డబ్బాకో కాదు, కంప్యూటర్లను కలిపే నల్లటి తీగ చివర బిగించే ఇత్తడి మూతను. పైన వెండి రంగు పూత, లోపల చిన్న నిరోధకం, అంతే నా సంసారం. చదువుకున్నవాళ్లు నన్ను టెర్మినేటర్ అంటారు. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు గాని, నాకు ఆ కూత కూడా లేదు. తీగలో పరుగెత్తుకొచ్చే మాటను చివర నిలబడి మింగేయడమే నా కొలువు. నేను లేకపోతే ఆ మాట గోడకు కొట్టిన బంతిలా వెనక్కి తిరిగి, ఎదురొచ్చే మాటలన్నిటినీ గుద్దుతుంది. ఇక ఎవరి మాటా ఎవరికీ అందదు.

ఏ కార్ఖానాలో పుట్టానో ఎరగను. హైదరాబాదు కోఠిలో ఒక కొట్లో ప్లాస్టిక్ సంచిలో పడి ఉండగా, కర్నూలు నుంచి వచ్చిన ఖాజా హుసేన్ నన్నూ నా జోడీనీ ఏరుకున్నాడు. అప్పటిదాకా అతను టీవీలు బాగుచేసేవాడు. కర్నూల్లో కొత్తగా పెట్టిన పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ గదికి తీగ వేయడం అతనికి మొదటి పెద్ద పని. ఇక్కడ పేరు నిలబడితే మిగతా కాలేజీలూ పిలుస్తాయని అతని ఆశ. మాల గుచ్చినట్టు ఒకే తీగకు యంత్రాలన్నీ గుచ్చి, ఈ కొసన నన్ను, ఆ కొసన నా జోడీని బిగించాడు.

ఆ గది చూసుకునే హేమావతి మేడంకు నన్ను చూపించి చెప్పాడు కూడా. "ఇది ఉత్త మూత గాదు మేడం. దీన్ని తీస్తే అన్నీ పడుకుంటాయి."

"సరే ఖాజాభాయ్" అంది ఆమె, కిటికీ మీది దుమ్ము చూస్తూ. మంచి మనిషే పాపం. దుమ్ము కనబడితే మాత్రం ఆమెకు చెవులు పనిచేయవు.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు కమ్మరి సుత్తిని, దర్జీ కత్తెరను అమ్మవారి ముందు పెడతారు. కంప్యూటర్ గదికి ఆయుధమేది? హేమావతి ఒక స్క్రూడ్రైవరు, ఒక కటింగ్ ప్లయరు పళ్లెంలో పెట్టింది. పళ్లెం బోసిగా ఉంది. అప్పుడు మకిలి పట్టిన నేను కనబడ్డాను. తిప్పి ఊడదీసి, చింతపండుతో తోమి, కుంకుమ బొట్టు పెట్టి, అమ్మవారి పటం ముందు కూర్చోబెట్టింది. నిజం చెప్పొద్దూ, నాకూ బాగానే ఉంది. ఎన్నాళ్లని బల్ల కింద పడి ఉండను! పూజ అయ్యాక మమ్మల్ని గుడ్డలో చుట్టి ఆ గదిలోనే బీరువాలో పెట్టి, సెలవులకు ఊరెళ్లిపోయింది.

సెలవులు ముగిసిన రోజే ప్రాక్టికల్ పరీక్ష. బయటి నుంచి పరీక్షాధికారి వచ్చాడు. పిల్లలు వరండాలో నిలబడ్డారు. ఒక్క యంత్రమూ లేవలేదు. ఆ యంత్రాలకు సొంత తెలివి తక్కువ, అన్నీ తీగ ద్వారా పెద్ద యంత్రం నుంచే తెచ్చుకోవాలి. ఖాజాను పిలిపించారు.

"నాసిరకం వైరేసి పోయినావా అప్పా?" అందరి ముందూ అడిగాడు ప్రిన్సిపాల్ చెన్నకేశవులు. "ఇంక ఈ ఊర్లో నిన్ను ఏ కాలేజీ గడప తొక్కనిస్తుందో నేనూ చూస్తా." ఆ మాట అని పరీక్షాధికారికి కాఫీ ఇప్పించడానికి వెళ్లాడు.

ఖాజా బల్లల కిందికి దూరి ఒక్కో అతుకూ పట్టి చూస్తూ పోయాడు. చివరి యంత్రం దగ్గర ఆగాడు.

"ఈడ ఉండేది యాడికి పోయింది మేడం?"

హేమావతికి పూజ పళ్లెం గుర్తొచ్చింది. బీరువా తెరిచి, కుంకుమ బొట్టుతో ఉన్న నన్ను తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను ఆ బొట్టును చూశాడు, ఆమెను చూశాడు, వంగి నన్ను బిగించాడు. తెరలు వెలిగాయి. అంతలో ప్రిన్సిపాల్ తిరిగొచ్చాడు.

"ఏమైండె?"

"బిగింపు వదులైంది సార్. నాదే తప్పు" అన్నాడు ఖాజా.

"నేను చెప్పలే? పని రానోళ్లను పిలిస్తే ఇంతే."

బల్ల వెనక నేను కుతకుతలాడిపోయాను. కొంగు అంచు పట్టుకుని నిలబడిన హేమావతి ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆయన తప్పు గాదు సార్. పూజకని నేనే తీసి పెట్టినాను. తీయొద్దని ఆయన ముందే చెప్పినాడు. నేనే వినలేదు."

ప్రిన్సిపాల్ ఆమెను, ఖాజాను మార్చి మార్చి చూసి, "పిల్లల్ని రమ్మనండి" అన్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "ఉండప్పా ఖాజా. కాఫీ తాగి పో" అన్నాడు.

పరీక్ష జరుగుతుండగా ఖాజా మెల్లగా అడిగాడు. "ఎందుకు చెప్పినారు మేడం? ఆ మాట నేను మింగేసేవాణ్ణి గదా."

"మీకూ అరగదు, నాకూ అరగదు ఖాజాభాయ్" అంది ఆమె.

తర్వాత మూత అక్కర్లేని కొత్త రకం తీగలొచ్చాయి. ఆ కాలేజీలోనే కాదు, ఊళ్లో ఇంకా చాలా కాలేజీల్లో వాటిని ఖాజాయే వేశాడు. నేనిప్పుడు అతని కొట్లో తుప్పు మేకుల డబ్బాలో ఉన్నాను. పని లేదు కాబట్టి ఆలోచిస్తుంటాను. నేను మింగిన మాట కాస్త వేడిగా మారి, ఆ క్షణమే చల్లారిపోతుంది. ఖాజా ఆ నింద మింగి ఉంటే, ముసలితనం దాకా గొంతులోనే ఉండేది. మింగడం నాలాంటి ఇత్తడి ముక్క పని. మనుషులకు అది చేతకాదు. ఎవరో ఒకరు నోరు విప్పాల్సిందే.