అంచు వెంట వెలుగు

పోయాక కూడా మా బావ నన్ను వదల్లేదు.

ల్యాబులో చిప్పులు చెయ్యడం ఆయన పని, వాటిలోకి లేజరు పంపి కొలవడం నా పని. "కుట్టేది నేను, టేపు పట్టుకుని ఫోజు కొట్టేది మా బావమరిది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆయన చేసిన ఆఖరి చిప్పు గోరంత ఉంటుంది. దాని మీద కంటికి ఆనని సిలికాన్ రింగులు వరసలు వరసలుగా ఉంటాయి. ఒక మూల నుంచి వెలుగు పంపితే మధ్యలోకి పోదు, గట్టు మీద నడిచేవాడిలా అంచు పట్టుకునే పోతుంది. దారిలో ఒక రింగు లేకపోయినా వెనక్కి తిరగదు, పక్క నుంచి చుట్టి వెళ్లిపోతుంది. ఈ చివరిది మాత్రం ఇంకా లెక్కల్లోనే ఉన్న మాట. చేసి చూపించేలోపే బావ గుండె ఆగిపోయింది.

ఆ వెలుగు మామూలుగా కనబడదు, కెమెరా పెట్టి తెర మీద చూడాలి. పై అంచులో ఒక రింగు మిగతావాటికన్నా ఎక్కువ మెరుస్తుంది. అక్కడ ఏదో నలక ఉండి వెలుగు చెదురుతోందని నాకు తెలుసు. ఆయన ఉన్నప్పుడూ మెరిసేది. ఇప్పుడు మాత్రం దాన్ని చూస్తే మెడ మీద ఎవరో ఊపిరి వదిలినట్టుంటోంది. దయ్యాలంటే పడీపడీ నవ్వేవాణ్ణి, కుర్చీ గోడకు ఆనించి కూర్చోవడం మొదలుపెట్టాను.

నోరు ఊరుకోక, ఆ రింగులో బావ ఉన్నట్టుందని అక్కకు చెప్పాను. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం తన ఆఫీసు నుంచి ల్యాబుకు వచ్చి తెర ముందు కూర్చుంటోంది. వంటింటి కుళాయి కారుతోందని, పైవాటా వాళ్లు మారిపోయారని ఆ రింగుతో చెబుతోంది. తిండి మానేసి పుల్లలా తయారైంది. నాకు బావ మీద ఒళ్లు మండిపోయేది.

ఇంతలో ఈ చిప్పు గురించి పత్రికకు పంపిన మా వ్యాసం చదివిన నిపుణులు మెలిక పెట్టారు. అంచులో ఒక రింగు తీసేసి, అయినా వెలుగు వెళ్తుందని చూపిస్తేనే అచ్చు వేస్తారట. ఉన్నది ఒక్క చిప్పు. "మీ అక్కని ఒక మాట అడిగి చెయ్యి" అంది ల్యాబు మేడం.

అడిగాను. అక్క తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఏ రింగు తీస్తావురా?"

"ఏదైనా ఒకటే అక్కా. ఆ చివర ఉన్నది తీస్తాలే. బావ జోలికి పోను."

"మీ బావదే తియ్యి."

నేను తెర వదిలి అక్క వైపు తిరిగాను.

"ఆయన అక్కడ ఉన్నాడో లేడో నాకు తేలిపోవాలి. ఉంటే ఆగుతాడు. నేనిక్కడ కూర్చునుంటే నన్ను దాటి పోడు."

వెలుగు ఆగితే బావ చేసిన పనంతా తప్పు. ఆగకపోతే బావే లేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏది జరగాలని కోరుకోవాలో తెలియకుండానే పక్క గదిలో యంత్రం మీద ఆ రింగును చెక్కి తీయించి తెచ్చాను. చిప్పును బిగించాను. అక్క కుర్చీ దగ్గరకు లాక్కుంది. లేజరు వేశాను.

తెర మీద పై అంచులో నల్లగా ఒక ఖాళీ. వెలుగు దాని దాకా వచ్చింది, లోపలి రింగుల మీదుగా చుట్టి మళ్లీ అంచు అందుకుంది. అవతలి మూలకు ఎప్పుడూ చేరినంతే చేరింది.

"ఆగలేదు" అంది అక్క.

"ఆగదక్కా. ఆగకుండా ఉండేట్టే చేశాడు బావ."

అక్క నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. చాలాసేపటికి లేచి మొహం కడుక్కుంది.

"ఆకలేస్తోందిరా. ఇంటికెళ్తా. ఇంక ఇక్కడికి రాను."

తను వెళ్లాక అంకెలు రాసుకుందామని కూర్చున్నాను. లెక్క నిజమైంది, అక్క బతికింది, నేను సంతోషపడాలి. మెల్లగా వెనక్కి తిరిగి చూశాను. గోడ తప్ప ఏమీ లేదు. మెడ మీద ఊపిరీ లేదు. కాసేపు అలాగే ఎదురుచూశాను. తర్వాత, సిగ్గు విడిచి, "బావా" అని పిలిచాను.