కొంగు చాటు సీసా

నేను ఒక పాలసీసాను. అయ్యో పాలసీసా అని ముద్దు చేయబోకండి, నాకు నచ్చదు. నా ఒంటి మీద ఉన్న కుందేలు బొమ్మ నేను కోరి వేయించుకున్నది కాదు. మనుషులంటే నాకు ఒళ్ళు మంట. ఆ మంట ఊరికే పుట్టలేదని చెప్పడానికే నోరు విప్పుతున్నాను. నా నోటికి రబ్బరు పీక బిగించి ఇన్నాళ్ళూ మాట్లాడనివ్వలేదు కాబట్టి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓర్చుకోండి.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో కరిగిన ప్లాస్టిక్ ముద్దను అచ్చులో పెట్టి, లోపలికి గాలి ఊది నన్ను తయారు చేశారు. పుడుతూనే కడుపునిండా గాలి మింగినదాన్ని. అది ఎంత బాధో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. నాకు రెండు రబ్బరు పీకలు ఇచ్చారు. ఒకటి మూతికి తగిలించి, రెండోది పక్కన పడేసి, అట్టపెట్టెలో కుక్కి పంపించారు.

మందుల షాపులో నన్ను కొన్నవాడు శేషగిరి. చీరాల పక్కన నేత పేటలో మగ్గం నేస్తాడు. తల్లీబిడ్డల సబ్బులూ పౌడర్లూ దర్జాగా సంచిలో వేయించుకుని, నన్ను మాత్రం పేపర్లో చుట్టమన్నాడు. అప్పుడే అర్థమైంది, నేను పోబోయే ఇంట్లో నా బతుకు ఎలా ఉండబోతుందో.

శేషగిరి భార్య, ఆ ఇంటి కోడలు ఇందుమతి. తల్లి లేని పిల్ల కాబట్టి పురుడు అత్తగారింట్లోనే పోశారు. ఆపరేషన్ తర్వాత జ్వరం పట్టుకుంది. ఆ జ్వరంలో పాలు పడలేదు. ఆసుపత్రి డాక్టరమ్మ పాలపొడి డబ్బా రాసిచ్చి, “దీంట్లో సిగ్గుపడాల్సిందేమీ లేదమ్మా. ఏడాది నిండేదాకా ఆవుపాలు మాత్రం పట్టకండి” అని చెప్పి పంపింది. సిగ్గుపడక్కర్లేదన్న మాట ఇంటికి వచ్చేలోపే ఆటోలోంచి ఎక్కడో జారిపోయినట్టుంది. గుమ్మంలో అత్తగారు రత్తమ్మ నన్ను చూసి మొహం చిట్లించింది.

“పోతపాలా! మా ఇంటావంటా లేదు. నలుగురికీ తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఎవరన్నా వస్తే కొంగు కప్పుకుని పట్టు. సీసా కనబడిందో, ఊరుకోను.”

అదిగో, ఆ రోజు నుంచి నా కాపురం కొంగు చాటున. పురిటి మనిషిని చూడ్డానికి వచ్చేవాళ్ళకు వేళాపాళా ఉండదు కదా! వీధి గుమ్మం చప్పుడైతే చాలు, ఇందుమతి నన్ను గభాలున చీర కిందికి లాక్కునేది. అక్కడ చీకటి, ఉక్క. నన్ను ఎత్తి పట్టుకుంటే కొంగు లేచి గుట్టు బయటపడుతుంది కాబట్టి అడ్డంగా పడుకోబెట్టేది. అడ్డంగా పడుకున్న సీసాలో పీక దగ్గర సగం పాలు, సగం గాలి. పిల్ల ఆ రెండూ తాగేది. ఇందుమతి పైకి నవ్వుతూ, “ఆఁ, బాగానే తాగుతోంది పిన్నీ” అనేది. లోపల ఆమె గుండె ఎంత గట్టిగా కొట్టుకునేదో వినేదాన్ని నేనొక్కదాన్నే.

అంతటితో ఆగినా బాగుండేది. పిల్ల నిదానంగా తాగుతుంది, చప్పుడు చేసుకుంటూ తాగుతుంది. అది రత్తమ్మకు ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది. ఎదురింటి నాంచారమ్మకు చెవులు మరీ పాము చెవులు. ఒక మధ్యాహ్నం కోడలు స్నానానికి వెళ్ళగానే రత్తమ్మ సూది తీసింది. జీవితమంతా మగ్గం అచ్చుకున్న సన్నటి పుల్లల సందుల్లోంచి దారాలు లాగిన చేతులు అవి, పనితనానికి వంక పెట్టలేం. సూదిని పొయ్యి మీద ఎర్రగా కాల్చి, నా పీకకున్న చిన్న రంధ్రంలో దూర్చి తిప్పింది. రబ్బరు కాలిన కంపు కొట్టింది. “ఇంక రెండు గుక్కల్లో అయిపోద్దిలే” అని తృప్తిగా సూదిని వంటింటి గోడకున్న సూదుల దిండులో గుచ్చింది. అంతేకాదు, “బాలింతవి, నీకెందుకు? ఇకనుంచి సీసా నేనే కడుగుతా, పాలు నేనే కలిపిస్తా” అని కోడలితో ఎంతో ప్రేమగా చెప్పింది. తన చేతి పని కోడలి కంట పడకూడదు మరి, అందుకే పీక పిల్ల నోట్లో పెట్టేదాకా నన్ను వదిలేది కాదు.

ఆ సాయంత్రం నుంచి మొదలైంది పిల్ల ఏడుపు. ఏడుపంటే మామూలు ఏడుపు కాదు. కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, పిడికిళ్ళు బిగించి, మొహం కందగడ్డలా చేసుకుని గుక్కపట్టి ఏడ్చేది. పొట్ట తడితే డోలులా మోగేది. బొడ్డు చుట్టూ ఇంగువ రాశారు. ఆముదం రాసిన తమలపాకు వెచ్చచేసి పొట్ట మీద వేశారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. శేషగిరి పిల్లను ముంజేతి మీద బోర్లా వేసుకుని ఇల్లంతా తిరిగేవాడు. మగ్గం గుంటలో కూర్చుని ఒళ్ళో పడుకోబెట్టుకుని నేస్తే, ఆ టకటకలకు కాస్త తెరిపిన పడేది. మగ్గం ఆగితే మళ్ళీ మొదలు. అందరూ అన్నీ చూశారు, నా మూతి మాత్రం ఎవరూ చూడలేదు.

పైగా నేరం నా మీదికీ ఇందుమతి మీదికీ వచ్చింది. “డబ్బాపాలు వేడి. కడుపులో నిప్పులు పోసినట్టే” అని నన్ను ఆడిపోసుకుంది రత్తమ్మ. “తల్లికి పాలు పడితే ఈ ఖర్మ ఎందుకు” అని కోడల్ని. కాల్చిన సూది మాత్రం దిండులో నిశ్చింతగా ఉంది. ఒళ్ళు మండిపోయింది నాకు. ఏం చేయను, చేతులు లేవు.

చివరికి రత్తమ్మ తీర్పు చెప్పేసింది. “బారసాల కానీ. మర్నాటి నుంచి ఆవుపాల్లో నీళ్ళు కలిపి ఉగ్గుగిన్నెతో నేనే పట్టుకుంటా. పిల్ల నా దగ్గరే పడుకుంటది. ఈ సీసాని పెంటకుప్ప మీద పారేస్తా.”

“డాక్టరమ్మ వద్దంది అత్తయ్యా” అంది ఇందుమతి.

“ముగ్గుర్ని పెంచా నేను. డాక్టరమ్మ ఎంతమందిని పెంచిందో కనుక్కో ముందు.”

శేషగిరి మగ్గం ఆపలేదు. ఇంట్లో మాటామాటా పెరిగినప్పుడల్లా అతనికి నేతపని మీద శ్రద్ధ పెరుగుతుంది. ఇందుమతి కొంగు కింద నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆమె భయం నా గురించి కాదు, పిల్ల గురించి. ఈ ఏడుపు ఆగకపోతే బిడ్డ తన ఒళ్ళోంచి పోతుంది, ఆవుపాలు పడకపోతే ఏమవుతుందో తెలియదు. తాను తల్లిగా పనికిరానని అప్పటికి ఆమె కూడా నమ్మడం మొదలుపెట్టింది. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది అదే.

బారసాల వచ్చింది. ఇల్లంతా ఆడవాళ్ళు. ఉయ్యాలకు పూలు కట్టారు, పిల్లకు హారిక అని పేరు పెట్టారు. పేరు చెవిలో పడగానే ఏడుపు అందుకుంది. రత్తమ్మ పేరంటాళ్ళకు పసుపు రాయడంలో మునిగిపోయి ఉంది. ఇక తప్పక ఇందుమతే వంటింట్లోకి వచ్చి పాలు కలిపింది. డాక్టరమ్మ చెప్పినట్టు వేడి చూద్దామని నన్ను మణికట్టు మీద వంచింది.

చుక్క పడాలి. ధార పడింది. మోచేతి దాకా కారి, కొత్త చీర మీదికి జారింది.

ఆమె నన్ను వెలుతురులోకి ఎత్తింది. పీక కొనలో ఆవగింజ దూరేంత కంత, చుట్టూ నల్లగా మాడిన అంచు. తర్వాత గోడకున్న సూదుల దిండు వైపు చూసింది. మొనకు మసి పట్టిన సూది ఒకటి అక్కడే ఉంది. అట్టపెట్టె వెతికి, రెండో పీక తీసి, మరిగే నీళ్ళలో వేసింది. బయట పిల్ల గొంతు చించుకుంటోంది. “పాలెక్కడే? తొందరగా రా!” అని రత్తమ్మ కేకేస్తోంది. ఇందుమతి తొందరపడలేదు. ఆమెను అంత నిదానంగా నేనెప్పుడూ చూడలేదు.

కొత్త పీకతో నన్ను పట్టుకుని హాల్లోకి వెళ్ళి, అందరి మధ్యా కుర్చీలో కూర్చుంది. పిల్లను తల కాస్త ఎత్తుగా మోచేతి మీద పెట్టుకుంది. కొంగు తీసి నడుముకు బిగించింది.

“కొంగు కప్పుకోవే” అని రత్తమ్మ పళ్ళ బిగువున అంది.

“కప్పను అత్తయ్యా.”

నాంచారమ్మ ముక్కున వేలేసుకుంది. “అయితే పోతపాలా! తల్లిపాలని గదా రత్తమ్మొదినా మాకు చెప్పుకొచ్చింది!”

“పోతపాలే పిన్నీ” అంది ఇందుమతి తల ఎత్తకుండా. “నాకు పాలు పడలేదు.”

ఆమె నన్ను నిటారుగా ఎత్తింది. ఇన్నాళ్ళకు నాకు వెలుతురు తగిలింది. పీక నిండా పాలు నిలిచాయి. పిల్ల లాగితే వచ్చాయి, ఆపితే ఆగాయి. మధ్యలో భుజాన వేసుకుని వీపు నిమిరింది. హారికమ్మ పెళ్ళిభోజనం ముగించిన పెద్దమనిషిలా బ్రేవుమని త్రేన్చింది. మళ్ళీ తాగింది, మళ్ళీ త్రేన్చింది, నోరు తెరుచుకుని తల్లి భుజం మీదే నిద్రపోయింది.

ఇందుమతి లేచి, మాడిన పీకను అత్తగారి పసుపు చేతిలో పెట్టింది. “ఇది మీ సూది పనే అత్తయ్యా. రేపటి నుంచి పాలు నేనే కలుపుతా, నేనే పడతా. పిల్ల నా పక్కనే పడుకుంటది.”

రత్తమ్మ ఏడ్చి కోడల్ని కౌగిలించుకుందని అనుకుంటున్నారా? అంత లేదు. గుప్పిట మూసి, “ఆకలితో లాగలేకపోతుందని చేశా, నాకేం సరదానా” అని గొణిగింది. అది సగమే నిజం. ఇందుమతి కూడా క్షమించలేదు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటలు ఉప్పు, చింతపండు వరకే. పిల్ల ఏడుపు కూడా ఒక్క రోజులో మాయం కాలేదు. సాయంత్రాలు కాసేపు ఏడ్చేది, మగ్గం చప్పుడుకు సర్దుకునేది, మెల్లిగా మానేసింది. ఆవుపాలు మాత్రం ఏడాది నిండేదాకా ఆ నోట్లో పడలేదు. శేషగిరి కూడా ఒకసారి మగ్గం ఆపి, “ఇందుమతి ఇష్టానికి వదిలేయమ్మా” అన్నాడు. అతని స్థాయికి అది మహా యుద్ధమే.

రత్తమ్మ మాత్రం ఓడిపోలేదు. “ఆ రోజు సీసాలో ఉన్నది వామునీళ్ళు. పోతపాలంటూ అత్త మీద కోపంతో ఏదో వాగింది. మా మనవరాలు తల్లిపాల పిల్ల” అని పేటంతా చెప్పుకుంది. విన్నవాళ్ళు తల ఊపారు, ఎవరూ నమ్మలేదు.

హారిక సీసా మానేశాక నన్ను అటక మీద పడేశారు. ఏళ్ళు గడిచాయి. మొన్న పాత ప్లాస్టిక్‌కు ఉల్లిపాయలిచ్చేవాడు వీధిలోకి వస్తే రత్తమ్మకు నేను గుర్తొచ్చాను. కోడలు ఇంట్లో లేని వేళ చూసుకుని అటక దించి, ఎవరి కంటా పడకుండా నన్ను తీసుకెళ్ళింది. ఎలాగనుకున్నారు? తన కొంగు చాటున. ముసలిదాని గుండె కూడా అప్పటి కోడలి గుండెలాగే దడదడలాడుతోంది. నాకు జాలి కలగలేదు. నవ్వొచ్చింది.

నన్ను గోనెసంచిలో పడేసిందో లేదో, వెనక నుంచి హారిక చిన్న గొంతు వీధి అదిరిపోయేలా లేచింది.

“నాయనమ్మా! అది నా పాలసీసా! నేను పాలు తాగిన సీసా! అమ్మ చూపించింది నాకు!”

ఎదురింటి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. పక్కింటి తలుపూ తెరుచుకుంది. రత్తమ్మ ఖాళీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు సంచిలో పగిలిన మగ్గులూ విరిగిన దువ్వెనలూ నాకు తోడు. రేపో మాపో మళ్ళీ కరిగిస్తారు. మనుషుల మీద నా కోపం తగ్గిందా అంటే, లేదు. కానీ నన్ను దాచకుండా, నలుగురూ వినేలా, నాది అన్న మనిషి ఒకతి ఉంది. ఆ ఒక్కదాని మీద మాత్రం నాకు కోపం లేదు.