టోపీ తీస్తే గాలి పోతున్నట్టు

నా కుడి చెవిని అచ్చు ప్రెస్సు తినేసింది. పంతొమ్మిదేళ్ళు ఆ యంత్రం పక్కన నిలబడితే ఇంకేం మిగులుతుంది? ఎడమ చెవికి మాటలు అందుతాయి, సన్న చప్పుళ్ళు అందవు. ఈ సంగతి ఇద్దరికే తెలుసు, నా భార్యకీ, ఆమె తమ్ముడికీ. పదేళ్ళుగా ఆమె నాకు ఎడమ పక్కనే నడుస్తుంది, ఎడమ పక్కనే పడుకుంటుంది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ప్రెస్సు మూతపడ్డాక ఎక్కడికెళ్ళినా, నలభై నాలుగేళ్ళా అని పెదవి విరిచారు. దూరప్రయాణాల లారీల కంపెనీ ఒక్కటే వయసు మాట ఎత్తలేదు. వాళ్ళ డ్రైవింగ్ స్కూల్లో పాసైతే బండి ఇస్తారు. అక్కడ నేర్పేవాడు నా బావమరిదే. ఒకప్పుడు వాడికి సైకిలు నేర్పింది నేను. ఓడలు బళ్ళవుతాయంటే ఏమిటో నలభై నాలుగో ఏట తెలిసింది.

"బావా, స్టీరింగు అటు తిప్పితే ట్రైలరు ఇటు పోతుంది. నీకు ఏది తోస్తే దానికి తిరగేసి చెయ్యి. అక్క దగ్గర చేసేది అదేగా" అనేవాడు.

నెల తిరిగేసరికి ముప్పై అడుగుల ట్రైలరుని రెండు డ్రమ్ముల మధ్యకి వెనక్కి పెట్టగలిగాను. ఇంట్లో చెబితే నా భార్య డ్రైవరు సీటు వెనక ఉండే పడక కొలతలు అడిగింది. పాత చీర అంచుతో దానికి కర్టెన్ కుట్టింది. ఒక్క ట్రిప్పు తనని కూడా తీసుకెళ్ళమంది. పెళ్ళయ్యాక ఆమె నన్ను అడిగిన మొదటి కోరిక అదేననుకుంటా.

రానిది ఒక్కటే. లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి. బయల్దేరే ముందు ఇంజను ఆపి, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు ట్రైలరు చుట్టూ తిరిగి గాలి గొట్టాల ప్రతి జాయింటు దగ్గరా గాలి కారుతోందేమో వినాలి. చెయ్యి పెట్టకూడదు, చెవితోనే కనిపెట్టాలి. పరీక్షలో ఒక్కోసారి కావాలనే ఒక జాయింటు వదులు చేసి పెడతారు. నాకు ఆ చప్పుడు లోకంలోనే లేనట్టు. చెవిటివాడని బయటపడితే పెద్దబండి లైసెన్సు ఈ జన్మకి రాదు. స్కూల్లో చేరేముందు చేసిన వైద్యపరీక్షలో డాక్టరు ఎదురుగా కూర్చుని మాట్లాడాడు కాబట్టి పెదాలు చూసి గట్టెక్కాను.

ఉపాయం బావమరిదిదే. పరీక్షకి ముందు జాయింట్లు సిద్ధం చేసేవాళ్ళలో వాడూ ఉంటాడు. కారే జాయింటు దగ్గరికి నేను రాగానే, దూరంగా కంచె పక్కన నిలబడ్డ వాడు టోపీ తీస్తాడు. ఇరవైసార్లు సాధన చేశాం, ఒక్కసారీ తప్పలేదు.

"ఇక్కడంటే సరే బావా. రోడ్డు మీద టోపీ ఎవడు తీస్తాడు?" అని ఒకరోజు అడిగాడు.

"ముందు బండి చేతికి రానీ" అని విసుక్కున్నాను. వాడు మళ్ళీ ఎత్తలేదు.

పరీక్ష రోజు మలుపులు, వెనక్కి పెట్టడం అన్నీ ఒక్క తప్పు లేకుండా చేశాను. పరీక్ష పెట్టే ఆఫీసరు పెద్దమనిషి, బాగుందన్నాడు కూడా. ఇంజను ఆపించి, తనే లోపల కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకున్నాడు. మొదటి జాయింటు దగ్గర తల వంచి విన్నట్టు నటించాను. రెండోది, మూడోది. నాలుగోదాని దగ్గర కంచె వైపు చూస్తే బావమరిది టోపీ తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"ఇక్కడ గాలి పోతోంది సార్" అన్నాను.

ఆయన కిటికీలోంచి తొంగి చూశాడు. "మళ్ళీ వినండి. నిదానంగా."

"స్పష్టంగా వినపడుతోంది సార్."

ఆయన ఇంకొకర్ని బ్రేకు మీద కూర్చోబెట్టి దిగి వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని ఆ జాయింటు మీద పెట్టాడు. గాలి లేదు. ఆ రోజు ఏ జాయింటూ వదులు చెయ్యలేదట. కంచె వైపు మళ్ళీ చూశాను. స్కూలు యజమాని గేటు దాటి లోపలికొస్తున్నాడు, బావమరిది టోపీ చేత్తో పట్టుకుని ఆయనకి వంగి నమస్కారం పెడుతున్నాడు. రోజూ పెట్టే నమస్కారమే. సాధన చేసిన ఇరవైసార్లలో యజమాని ఒక్కసారీ రాలేదు, మా ఇద్దరికీ ఆ ఊహే తట్టలేదు.

ఆఫీసరు కాసేపటికి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "మూడుసార్లు పిలిచాను, మీ కుడి పక్క నుంచి" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే తిరగబడేవాణ్ణి. కాగితం మీద ఒకే ఒక ముక్క రాసి, నాకు కనపడేలా తిప్పి పెట్టాడు. వినికిడి లేదు.

బావమరిది గేటు దాకా వెంటొచ్చాడు. "యజమానిగారు వస్తే టోపీ దానంతటదే వచ్చేసింది బావా" అని ఏడ్చాడు. సిగ్గుతో చచ్చిపోయాను. వాడు కుడిచేత్తో టోపీ నలుపుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి కర్టెన్ బండికి కట్టడానికి సిద్ధంగా మడతపెట్టి బల్ల మీద ఉంది. నా భార్య నా మొహం చూసింది. నేను మంచం మీద కూర్చున్నాను. పదేళ్ళలో మొదటిసారి ఆమె వచ్చి నా కుడి పక్కన కూర్చుంది. చాలాసేపు ఏదో చెప్పింది. ఊపిరి చెవికి వెచ్చగా తగులుతూనే ఉంది. నాకు వినపడకూడదనే అటు కూర్చుందని తెలుసు. తల తిప్పలేదు.